పొయ్యిలో పుట్టిన పిల్లికూనలు



మా కాలేజీ సార్ పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి మీరివ్వండి అన్నప్పుడు మొదట కాదన్నాను. మొహమాటంతో కాదు, సిగ్గుతో. 1969లో, తెలంగాణ ఉద్యమ రోజుల్లో, ఈ హనుమకొండలోనే, సార్ అద్దెకున్న ఇంటి ముందు నిలబడి ‘గో బ్యాక్’ అని అరిచిన పిల్లల్లో నేనొకణ్ని. అప్పుడు నాకు పదిహేడేళ్లు. సార్‌ది ఆంధ్రలో తెనాలి వైపు ఊరు. మాకు రాజనీతి శాస్త్రం చెప్పడానికి వచ్చి అప్పటికి మూడేళ్లు. ఆయన తలుపు తీసి, ఒక్కొక్కరి ముఖం చూసి, “రేపు మొదటి గంటే మన క్లాసు, మరిచిపోకండి” అని లోపలికి వెళ్లిపోయారు. కాలేజీలు మూసేసి అప్పటికే వారాలైంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆనాటి మా కోపం తప్పని ఇవాళ కూడా అనను. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం పదిహేనేళ్ల నివాసం ఉన్నవాడికే అప్పట్లో ఇక్కడ సర్కారు కొలువు. దొంగ సర్టిఫికెట్లతో ఆ కొలువుల్లో దూరినవాళ్లు నిజంగానే ఉన్నారు. 1952లో వరంగల్‌లో రాజుకున్నదీ అదే కోపం. కోపం సరైనదే, దాన్ని మోసుకెళ్లి నిలబెట్టిన గుమ్మం సరైనది కాదు. సార్ ఎవరి ఉద్యోగమూ దొంగిలించలేదు. ఇన్నేళ్లూ నాతో ఉన్న ఆ తేడానే ఇవాళ్టి ఉపన్యాసానికి మూలం.

సార్ పరీక్షలో ఒక ప్రశ్న తప్పకుండా ఇచ్చేవారు. “ఒక రాష్ట్రం రాజకీయం మారిందంటే, అక్కడి మనుషుల మనసు మారినట్టా, మనుషులే మారినట్టా?” ఉదాహరణ మన ఇష్టం. మేము కేరళ రాసేవాళ్లం, బెంగాల్ రాసేవాళ్లం. ఆయన మాత్రం అమెరికాలోని వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం గురించి చెప్పేవారు. ఆ ప్రశ్నకు నేను యాభై ఏళ్ల తర్వాత, మార్కులు వేసేవారు లేకుండా, ఇవాళ జవాబు రాస్తున్నాను.

మా అబ్బాయి టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. 1990 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 6 వేల చిల్లర మంది. 2020లో 2 లక్షలు దాటారు. మొన్న వెళ్లినప్పుడు ఎదురింటి కారు వెనకాల ఒక స్టిక్కర్ చూశాను: ‘డోంట్ కాలిఫోర్నియా మై టెక్సస్’. నా టెక్సస్‌ని కాలిఫోర్నియా చెయ్యొద్దు అని. ఆ మాట అక్కడ టోపీల మీద, చొక్కాల మీద, ఎన్నికల సభల్లో అంతటా ఉంది. ఈమధ్య కొన్నేళ్లు ఏటా లక్షకు అటూ ఇటూగా జనం కాలిఫోర్నియా విడిచి టెక్సస్ చేరారు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇళ్లు చవక. టయోటా తన అమెరికా కేంద్ర కార్యాలయాన్ని ప్లేనోకి తెచ్చింది, టెస్లా ఆస్టిన్‌కి వచ్చింది. అలా వచ్చేవాళ్లు సామాన్లతో పాటు తమ రాజకీయం కూడా ట్రక్కెక్కించుకుని వస్తున్నారని, చర్చికి వెళ్లే, తుపాకీ పెట్టుకునే, పన్ను అంటే మండిపడే టెక్సస్‌ని ఓట్లతో ముంచేస్తారని పాతవాళ్ల భయం. స్టిక్కర్ అతికించుకున్న ఆ పెద్దమనిషితో మాట కలిపాను. ఆయన వచ్చింది కాలిఫోర్నియా నుంచే, నాలుగేళ్లయిందట.

నాకు నవ్వొచ్చింది. తర్వాత లెక్కలు చూస్తే నవ్వు ఆగిపోయింది. 2018 సెనేట్ ఎన్నికలో రిపబ్లికన్ టెడ్ క్రూజ్, డెమొక్రాట్ బేటో ఓరూర్క్ మీద మూడు శాతం కూడా లేని తేడాతో గెలిచాడు. ఓటు వేసి బయటికొచ్చినవాళ్లను అడిగిన సర్వేలో, టెక్సస్‌లో పుట్టినవాళ్లు 51–48తో ఓరూర్క్ వైపు ఉన్నారు. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు 57–42తో క్రూజ్ వైపు ఉన్నారు. సర్వే సర్వేయే, దేవుడి లెక్క కాదు. అయినా తేడా చిన్నది కాదు. పుట్టినవాళ్లు మాత్రమే ఓటేసి ఉంటే ఎర్ర టెక్సస్ ఆ రోజు నీలం అయ్యేది. (అక్కడ ఎరుపు రిపబ్లికన్ల రంగు. మన కమ్యూనిస్టు మిత్రులు కంగారుపడొద్దు.) క్రూజ్ పుట్టింది కెనడాలోని కాల్గరీలో. ఓరూర్క్ పుట్టింది టెక్సస్‌లోని ఎల్ పాసోలో.

ఇందులో వింతేమీ లేదు. కాలిఫోర్నియా అంటే పడనివాడే కాలిఫోర్నియా విడిచిపెడతాడు. బిల్ బిషప్ అనే పాత్రికేయుడు 2008లో ‘ది బిగ్ సార్ట్’ పుస్తకంలో చెప్పింది ఇలా జనం తమకు తామే వేరుపడటం గురించే. మనిషి రాజకీయం చూసి ఇల్లు కొనడు. స్కూలు, చర్చి, వీధి, పక్కింటివాళ్లు చూసి కొంటాడు. అవన్నీ కలిపి చూస్తే చివరికి రాజకీయమే అవుతుంది.

సార్ చెప్పిన వెర్మాంట్‌లో మాత్రం ఇది తలకిందులుగా జరిగింది. ఆ కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

కెనడా సరిహద్దున కొండలు, పాడి ఆవులు, మేపుల్ చెట్లు ఉండే రాష్ట్రం అది. రిపబ్లికన్ పార్టీ పుట్టిన తర్వాత 1856 నుంచి 1988 దాకా జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క 1964 తప్ప ప్రతిసారీ ఆ పార్టీకే ఓటు వేసింది. 1936లో రూజ్‌వెల్ట్ దేశమంతా ఊడ్చేసినప్పుడు ఎదురు నిలిచినవి రెండే రాష్ట్రాలు, ఒకటి మెయిన్, రెండోది వెర్మాంట్. శాసనసభలో ఊరికొక సభ్యుడు, మొత్తం 246 మంది. కొన్ని పదుల మంది ఉన్న కొండపల్లెకీ ఒక ఓటే, బర్లింగ్టన్ నగరానికీ ఒక ఓటే. 1965లో జనాభా ప్రకారం సీట్లు పంచి సభను 150కి కుదించేదాకా అదే పద్ధతి.

అటువంటి చోటికి 1960ల చివర, 70లలో యువకులు దిగారు. వియత్నాం యుద్ధంతో విసిగినవాళ్లు, న్యూయార్క్, బోస్టన్ గోల భరించలేనివాళ్లు. గిల్‌ఫోర్డ్ దగ్గర కమ్యూన్లు పెట్టారు, మేకలు పెంచారు. పెద్దపెద్ద కాగితపు బొమ్మలతో యుద్ధవ్యతిరేక నాటకాలాడే బ్రెడ్ అండ్ పపెట్ బృందం 1970లో వచ్చింది. బ్రూక్లిన్ నుంచి బెర్నీ శాండర్స్ అనే కుర్రాడు 1968లో వచ్చాడు. ఇలాంటి యువకులు పోగై ఓట్లతో వెర్మాంట్‌ని స్వాధీనం చేసుకోవచ్చని 1972లో ఒక పత్రిక, అదీ ప్లేబాయ్, బాహాటంగా వ్యాసం వేసింది. రాష్ట్ర జనాభా 1960లో 3 లక్షల 90 వేలు, 1980 నాటికి 5 లక్షల 11 వేలు. 1981లో శాండర్స్ బర్లింగ్టన్ మేయర్ అయ్యాడు, 10 ఓట్ల తేడాతో.

ఈ వలసల మాట వచ్చినప్పుడు సార్ ఆగి, “మరి రావడానికి చోటెక్కడిది?” అని అడిగేవారు. అది అందరూ మరిచిపోయే ప్రశ్న. 1940లలో వెర్మాంట్‌లో పాల వ్యవసాయ క్షేత్రాలు 11 వేలకు పైగా ఉండేవి. 50లలో పాలను క్యాన్లలో కాదు, చల్లబరిచే పెద్ద ట్యాంకుల్లోనే నిల్వ చేయాలని కొనుగోలుదార్లు పట్టుబట్టారు. పది ఇరవై ఆవులున్న రైతుకి ఆ ట్యాంకు ఖర్చు తలకు మించింది. కొట్టాలు మూతబడ్డాయి, భూమి చవకైంది. ఆ ఖాళీలోకే హిప్పీలు వచ్చారు. వాళ్లకంటే ముందు, వాళ్లకంటే ఎక్కువ డబ్బుతో, మంచు మీద జారే ఆటకు వచ్చే నగరవాసులు రెండో ఇళ్లు కట్టుకోవడానికి వచ్చారు. రైతుని వెళ్లగొట్టింది పొడుగుజుట్టు కుర్రాడు కాదు, పాల ట్యాంకు. కానీ రైతు కళ్లెదుట కనిపించేది మాత్రం పొడుగుజుట్టే.

ఇంకో సంగతి. రాబోయేదాన్ని పసిగట్టి, భూమిని అడ్డగోలుగా ముక్కలు చేయకుండా 1970లో ‘యాక్ట్ 250’ అనే కట్టుదిట్టమైన చట్టం తెచ్చింది డీన్ డేవిస్ అనే రిపబ్లికన్ గవర్నరే. రోడ్ల పక్క హోర్డింగులు నిషేధించింది 1968లో. హిప్పీలు రాజ్యానికి రాకముందే, పాతవాళ్లు తమ కొండల కోసం చేసుకున్న పనులివి. సంప్రదాయవాదం అంటే ఒకప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవడం అని కూడా అర్థం ఉండేది.

పాతవాళ్లు కొత్తవాళ్లని ‘ఫ్లాట్‌లాండర్’ అంటారు, చదును నేల మనిషి అని. ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లల సంగతేమిటి అని అడిగితే, పిల్లి పొయ్యిలో ఈనితే కూనలు రొట్టెలవుతాయా అంటారు. మొదటిసారి సార్ ఆ సామెత చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. ఆయనకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రిలోనే పుట్టారని మాకు తెలుసు. అందుకే ఆ నవ్వు తొందరగా ఆగింది.

స్థానికుల ఎదురుదాడి అసలు పెద్దదిగా వచ్చింది 2000లో. స్వలింగ జంటలకు పెళ్లితో సమానమైన హక్కులివ్వాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1999 డిసెంబరులో తీర్పిచ్చింది. శాసనసభ ‘సివిల్ యూనియన్’ చట్టం చేసింది. గవర్నర్ హోవర్డ్ డీన్, ఆయనా న్యూయార్క్ నుంచి వచ్చినవాడే, 2000 ఏప్రిల్ 26న కెమెరాల్లేకుండా సంతకం పెట్టాడు. అంతే, కొట్టాల గోడల మీద చేత్తో రాసిన బోర్డులు లేచాయి: ‘టేక్ బ్యాక్ వెర్మాంట్’. వెర్మాంట్‌ని తిరిగి తీసుకుందాం. ఆ ఏడాది ఎన్నికల్లో చట్టానికి ఓటేసిన సభ్యులు చాలామంది ఓడిపోయారు. వాళ్లలో ఆ నేల మీదే పెరిగిన రిపబ్లికన్లూ ఉన్నారు, సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడినవాళ్లున్నారు. శాసనసభ దిగువ సభ రిపబ్లికన్ల చేతికి వచ్చింది. చట్టం మాత్రం రద్దు కాలేదు. 2009లో అదే సభ గవర్నర్ వీటోను 100–49తో తోసిపుచ్చి స్వలింగ వివాహాన్నే చట్టం చేసింది.

ఆ బోర్డుల గురించి నేను చాలా ఆలోచించాను. ఎవరి దగ్గర్నుంచి తీసుకోవాలో వాటి మీద రాయలేదు. ఒకరికి అది స్వలింగ జంటల మీద కోపం. ఇంకొకరికి ఆస్తిపన్ను మీద, మూడోవాడికి అమ్మేసిన ఆవుల మీద బాధ. రకరకాల దుఃఖాలు ఒకే బోర్డు కింద చేరాయి, దెబ్బ మాత్రం అందులో అందరికంటే బలహీనులైన కొన్ని జంటల మీద పడింది. 1969లో ఆ గుమ్మం ముందు మేం చేసింది కూడా అదే.

కానీ ప్రతిఘటనంతా చేదుగానే ఉండనక్కర్లేదు. 1998లో మసాచుసెట్స్ నుంచి అప్పుడప్పుడే వచ్చిన ఒక కోటీశ్వరుడు సెనేట్‌కి రిపబ్లికన్ టికెట్ కోరాడు. ఆయన మీద టన్‌బ్రిడ్జ్ ఊరి పాల రైతు, 79 ఏళ్ల ఫ్రెడ్ టటిల్ పోటీకి నిలబడ్డాడు. అంతకుముందు ఒక హాస్య సినిమాలో ఎన్నికల్లో గెలిచే రైతుగా వేషం వేసిన ముసలాయన. రేడియో చర్చలో టటిల్ అడిగాడు, “ఆవుకి ఎన్ని చన్నులు?” కోటీశ్వరుడు ఆరన్నాడు. ఇంతే సంగతులు. టటిల్ ప్రైమరీ గెలిచాడు. గెలిచి, తన ప్రత్యర్థి డెమొక్రాట్ ప్యాట్రిక్ లేహీ మంచివాడు, ఆయనకే ఓటేస్తానన్నాడు. ఊరు తెలియనివాడు ఊరి పేరు మీద అధికారం అడిగితే ఏ ప్రశ్న వేయాలో ఆ రైతుకి తెలుసు. ఆయన ఎవర్నీ పొమ్మనలేదు.

తిరిగి టెక్సస్‌కి వద్దాం. ఒకప్పుడు టెక్సస్ మెక్సికోలో భాగం. అమెరికన్లు పత్తి పండించడానికి, బానిసలను వెంటేసుకుని తండాలుగా వచ్చారు. కాథలిక్కులుగా మారతామని, మెక్సికో పౌరులమవుతామని ఒప్పుకుని వచ్చి, ఏదీ పట్టించుకోలేదు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేసింది. 1830 ఏప్రిల్ 6న అమెరికా నుంచి వలసలనే నిషేధించింది. ఫలితం లేకపోయింది, 1836లో వచ్చినవాళ్లే స్వతంత్రం ప్రకటించుకున్నారు. స్థానికులకంటే వలస వచ్చినవాళ్లు ఎక్కువై రాజ్యం మారిపోతుందన్న భయానికి చరిత్రలో దొరికే అతి గట్టి సాక్ష్యం టెక్ససే. అందుకేనేమో అక్కడ ఆ భయం అంత సులువుగా అంటుకుంటుంది.

ఇప్పుడా భయంతో ఏం చేస్తున్నారో చూడాలి. గ్రెగ్ ఆబట్ 2015 జనవరిలో, గవర్నర్‌గా ప్రమాణం చేయకముందే, టెక్సస్ తెలియకుండానే కాలిఫోర్నియా అయిపోతోందని ప్రసంగించాడు. ఆయన చూపిన ఉదాహరణలు వలసల గురించి కావు. ప్లాస్టిక్ సంచుల నిషేధం, చెట్లు కొట్టడం మీద ఆంక్షలు, గ్యాస్ తవ్వకాల మీద నిషేధం. డెంటన్ అనే ఊరు 2014 నవంబరులో, దాదాపు 59 శాతం ఓట్లతో, తమ పరిధిలో ఫ్రాకింగ్ వద్దంది. రసాయనాలు కలిపిన నీటిని ఒత్తిడితో భూమిలోకి పంపి, రాయిని చీల్చి గ్యాస్ లాగే పద్ధతి అది, ఇళ్ల పక్కనే చేసేవారు. ఆరు నెలలకే, 2015 మేలో, ఊళ్లకు ఆ అధికారం లేదని రాష్ట్రం చట్టం చేసింది. డెంటన్ తన నిషేధాన్ని తానే రద్దు చేసుకుంది. మెక్సికో సరిహద్దున లరేడో ఉంది. 1755లో పుట్టిన ఊరు, అమెరికా దేశం కంటే పాతది. మురుగుకాలువలకు అడ్డం పడుతున్నాయని ప్లాస్టిక్ సంచులు నిషేధిస్తే, రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. 2023లో మరో చట్టం వచ్చింది. ఎండలో పనిచేసే భవన కార్మికులకు నీళ్లు తాగే విరామం ఇవ్వాలన్న ఆస్టిన్, డాలస్ నిబంధనలు సైతం దాని కత్తికి బలయ్యేలా ఉంది అది. వ్యతిరేకులు దానికి ఒక సినిమాలోని రాక్షస అంతరిక్ష కేంద్రం పేరు పెట్టి ‘డెత్ స్టార్’ చట్టం అన్నారు. అది కోర్టుకెక్కింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. స్థానికత పేరు చెప్పి స్థానిక సంస్థల నోరు నొక్కారు. లరేడో జనం ఎక్కడి నుంచీ రాలేదు, వాళ్ల ముందే సరిహద్దు గీత అటూ ఇటూ జరిగింది. ‘కాలిఫోర్నియా’ అన్న మాట అక్కడ ఒక రాష్ట్రం పేరు కాకుండా పోయింది. ఊరు తన గురించి తాను నిర్ణయించుకుంటే రాజధానికి నచ్చనప్పుడు వేసే ముద్ర అయింది. వలస వచ్చినవాణ్ని ఆపుతామని ఎక్కిన పోలీసు బండి, పాతకాపు ఇంటి ముందే ఆగుతోంది.

ఐడహో నుంచి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. 1970లలో రిచర్డ్ బట్లర్ అనే వర్ణవిద్వేషి కాలిఫోర్నియా నుంచే వచ్చి హేడెన్ సరస్సు దగ్గర ‘ఆర్యన్ నేషన్స్’ పేరుతో స్థావరం పెట్టాడు, తెల్లవాళ్ల రాజ్యం కట్టాలని. అక్కడి కూటెనై కౌంటీ జనమే మానవ సంబంధాల కార్యదళం కట్టి ఇరవై ఏళ్లు ఎదిరించారు. వాళ్లకు తోడు నిలిచిన ఒక కాథలిక్ ఫాదర్ ఇంటి మీద 1986లో బాంబు వేశారు. 2000లో కోర్టు 63 లక్షల డాలర్ల పరిహారం వేయడంతో ఆ స్థావరం చేజారిపోయింది. సంప్రదాయ రాష్ట్రానికి వచ్చే వలస అంతా ఉదారవాదమే అనుకునేవాళ్లు ఈ కేసు చదవాలి.

స్థానికుల ప్రతిఘటన గెలవాలంటే ఎలా ఉండాలి? నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ న్యూ హాంప్‌షైర్‌లోని క్రాయిడన్. అక్కడ ‘ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్’ అని ఒకటుంది. 20 వేల మంది స్వేచ్ఛావాదులు ఒకే చిన్న రాష్ట్రానికి తరలివెళ్లి ప్రభుత్వాన్ని కుదించాలని 2001లో పుట్టిన ఆలోచన, 2003లో న్యూ హాంప్‌షైర్‌ని ఎంచుకున్నారు. ఇంత బాహాటమైన రాజకీయ వలస ఇంకోటి లేదు. క్రాయిడన్‌లో 2022 మార్చిలో ఊరి సభ జరిగింది. ఊరివాళ్లు ఎక్కువమంది రాలేదు, ఏముందిలే ఏటా ఉండేదేగా అని. ఆ ఆలోచనతో ఆ ఊరికి వచ్చిన ఒకాయన లేచి, 17 లక్షల డాలర్ల బడి బడ్జెట్‌ని 8 లక్షలకు తగ్గించాలన్నాడు. 20–14తో నెగ్గింది. మర్నాటికి తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనైంది. రెండు నెలల్లో గడపగడపకూ తిరిగి, ప్రత్యేక సభ పెట్టించారు. 377–2తో బడ్జెట్ వెనక్కి వచ్చింది. పొయ్యిలో పుట్టిన కూనలెవరు, రొట్టెలెవరు అని ఆ రోజు ఎవరూ అడగలేదు. కుర్చీలు సరిపోయాయా అని చూసుకున్నారంతే.

మనవాళ్ల విషయానికొస్తాను. టెక్సస్‌లో ఇవాళ తెలుగువాళ్లు లేని శివారు లేదు. షుగర్‌లాండ్ అష్టలక్ష్మి ఆలయంలో చినజీయర్ స్వామి సంకల్పంతో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం 2024 ఆగస్టులో లేచింది. మరుసటి ఏడాది సెనేట్ టికెట్ ఆశించిన ఒకాయన, ఇది క్రైస్తవ దేశం, ఈ విగ్రహం ఎందుకు అని బాహాటంగా అన్నాడు. 2022లో ప్లేనోలో రాత్రి భోజనం చేసి కారు దగ్గరికి వస్తున్న భారతీయ స్త్రీల మీద ఒకావిడ చెయ్యి చేసుకుని, వెళ్లిపొమ్మని అరిచింది. చూస్తే మన పిల్లల్లో చాలామంది కూడా కాలిఫోర్నియా నుంచే అక్కడికి మారారు, ఎదురింటాయన మారిన కారణాలకే. ఇల్లు చవక, పన్ను లేదు, బడి మంచిది. అయినా ఆ స్టిక్కర్ ఆయన్ని ఎప్పుడూ ఏమీ అనదు, వీళ్లని అంటుంది. వీళ్లు చేసే పొరపాటు కూడా ఉంది. గుడి కడతారు, ఉగాదికి వెయ్యి మంది పోగవుతారు. ఊరి సభకు మాత్రం తమ గుడి అనుమతి చర్చకు వచ్చిన రోజే వెళతారు. పక్కవీధి మురుగుకాలువ గురించి చర్చ జరిగిన రోజు ఆ కుర్చీల్లో మనవాడు కనిపించడు.

సార్ 1971లో ఇక్కడే సొంతిల్లు కట్టుకున్నారు. మున్సిపాలిటీ నల్లా నీళ్ల గురించి ఆయన రాసిన అర్జీలు ఇప్పటికీ వాళ్ల అమ్మాయి దగ్గరున్నాయి, ఒక కట్ట. ఎవరి ఇంటికి నీళ్లు రాకపోయినా రాసేవారు. 69లో ఆయన గుమ్మం ముందు అరిచినవాళ్లలో ముగ్గురి ఇళ్లకు పైపు వచ్చింది ఆ అర్జీల వల్లే, అందులో ఒకటి మాది. తెనాలి యాస మాత్రం చివరిదాకా పోలేదు.

మీలో చాలామంది పిల్లలు అటువైపు ఉన్నారు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాతావరణం సంగతి తర్వాత అడగండి. ముందు, మీ ఊరి సిటీ కౌన్సిల్ ఏ రోజు కూర్చుంటుందిరా అని అడగండి. తెలియదంటే, తెలుసుకుని చెప్పమనండి.